ఆట మధ్యలో కొత్త పుస్తకం

మా రాబర్ట్‌సన్‌పేట యింటి వసారాలో ఆదివారం సాయంత్రాలు అయిదుగురు పిల్లలు చేరుతారు. పిల్లలంటే పసివాళ్లు కారు. తెల్లవారుజామునే రైలెక్కి బెంగుళూరులో వుద్యోగం చేసి వచ్చేవాళ్లు కూడా వున్నారు. వాళ్లాడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనే యిద్దరు వెలువరించిన ఆట. ఒకడు కథ చెబుతూ ఆట నడుపుతాడు. తక్కినవాళ్లు తలా వొక పాత్రయి తామేం చేస్తామో చెబుతారు. ఫలితం యిరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

నడిపేవాడు మా మనుమడు. వాడి కథలోని పాతాళానికి షాఫ్టులూ సొరంగాలూ మమ్మల్నడిగి గీసుకున్నాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డ తరువాత వాటిని గూర్చి మమ్మల్ని యింత వివరంగా అడిగినవాడు మరొకడు లేడు.

వాళ్లు ఆడుతున్నవి 2014 నాటి నియమాలు. వాటిని సవరించి 2024 సెప్టెంబరులో ఆటగాళ్ల పుస్తకమూ, నవంబరులో నడిపేవాడి పుస్తకమూ, 2025 ఫిబ్రవరిలో రాక్షసుల పుస్తకమూ వేశారు. మనుమడు కొని తెచ్చి, "నేటినుంచి యిదే" అన్నాడు. మేమూ తల వూపాము.

పక్కవీధి కుర్రవాడి పాత్ర చాటునుంచి వేటు వేసే హంతకుడు. పాత నియమంలో యేమరి వున్న శత్రువు మొదటి వంతులో కదలలేడు. వీడి వేటు తగిలితే దెబ్బపాచికలు రెట్టింపు. కొత్తదానిలో శత్రువు యేమరినా కదలగలడు. యెవరు ముందో తేల్చే పాచిక మాత్రం రెండుసార్లు వేసి తక్కువది తీసుకుంటాడు. హంతకుడికి వేరే బలాలు యిచ్చారు గాని, ఆ రెట్టింపు పోయింది. రెండేళ్లుగా పెంచుకున్న పాత్ర. సరిగ్గా రాక్షసి మీద పడబోయే వేళ యీ సంగతి బయటపడింది. కుర్రవాడు పాచికలు జేబులో వేసుకొని, "వస్తాను తాతా" అని మాతో మాత్రం చెప్పి వెళ్లిపోయాడు. రెండాదివారాలు రాలేదు.

మనుమడు మొహం వేలాడేసుకొని మా దగ్గర కూర్చున్నాడు. అప్పుడు వాడికి చదరంగం సంగతి చెప్పాము. మన పాత ఆటలో బంటు మొదటి యెత్తులోనూ వొక్క గడే నడిచేది. రాజు వొక్కసారి గుర్రంలా దూకవచ్చు. సుల్తాన్ ఖాన్ ఆ పద్ధతిలో నేర్చినవాడే. ఆనక దొరల నియమాలు నేర్చి 1929లో బ్రిటిషు ఛాంపియన్ అయ్యాడు. కాని ఆయనకు యే ఆట ఆడుతున్నదీ కూర్చునే ముందే తెలుసు కదా! బంటు కదిపాక నియమం మారిస్తే యెవడు కూర్చుంటాడు?

"అయితే యేం చేయమంటావు తాతా?"

పోరు నడుమ పుస్తకం తెరవకు, అన్నాము. ఒక సాయంత్రం ఆట మాని, మారినవన్నీ ముందుపెట్టి, "నీ పాత్రకు యేం పోతుంది?" అని వొక్కొక్కరినీ అడుగు. సులువైనవి ముందు తీసుకో. అలసట నియమం చూడు: పూర్వం మెట్టుకొక శిక్ష, జ్ఞాపకం పెట్టుకోలేక చచ్చేవారు. ఇప్పుడు మెట్టుకు పాచికలో రెండు తగ్గింపు, నడకలో అయిదడుగులు తగ్గింపు, ఆరో మెట్టులో చావు. (గనిలో దిగిన మాకు యిదే నిజమనిపించింది. అలసట కొంచెం కొంచెంగానే యెక్కుతుంది.) ఆయుధానికొక ప్రత్యేక విద్య వచ్చింది గదా, అది యెవరిది వాళ్లు చీటీమీద రాసుకుంటే పోరు సాగలాగదు. సందేహం వస్తే అప్పటికి నీ మాటే చెల్లించి, ఆట ముగిశాక పుస్తకం చూడు. హంతకుడి విషయం మాత్రం వాడితోనే తేల్చుకో.

మరునాటి రాత్రి మనుమడు ఊరిగాం స్టేషనుకు వెళ్లి బెంగుళూరు బండికోసం నిలబడ్డాడు. యీ కథ ముగిసేదాకా హంతకుడికి పాత నియమమే, కొత్త కథలో కొత్త పాత్రకు కొత్తది, అని యిద్దరూ వొప్పుకున్నారట. ఆ మాటకు గంట పట్టిందని, యింట్లో అన్నం చల్లారిందని మా ఆవిడ గొణిగింది.

ఆదివారం కుర్రవాడు వచ్చాడు. ఆగిన చోటినుంచే ఆట మొదలైంది. రాక్షసి యేమరి వుంది. అందరూ వూపిరి బిగపట్టారు. వాడు పాచిక వేశాడు. మూడు పడింది, వేటు తగలనే లేదు. అందరికంటే ముందు వాడే నవ్వాడు.