రెండు హిసాబులు, ఒక ఫోన్ నంబరు

పోయిన షాబాన్‌లో ఒకరోజు ఇషా నమాజ్ అయ్యాక సదర్ సాబ్ నన్ను ఆపారు. "బేటా, మన మసీదు హిసాబ్ రెండు కంప్యూటర్లలో ఉంది. రంజాన్ వచ్చేలోగా ఒకటి చేసెయ్. ఇంటికో లైను, అందులో అన్నీ. ప్రింటు తీసి బోర్డుకి అంటిద్దాం" అన్నారు. నేను ఎరువుల కొట్లో లెక్కలు రాసేవాణ్ణి. ఇదెంత పని, రెండు జుమాలు తిరిగేలోగా అయిపోతుంది అనుకున్నా.

ఒక కంప్యూటర్ మసీదు ఆఫీసు గదిలోది. నెలనెలా చందా ఇచ్చే ఇళ్లు, ఇమాం సాబ్ తన్‌ఖా, కరెంటు బిల్లు అందులో ఉంటాయి. రెండోది జకాత్ పని చూసే తమ్ముడి జిరాక్స్ షాపులోది. జకాత్, ఫిత్రా ఎవరిచ్చారు, రేషన్ ఏ ఇంటికి వెళ్లింది అన్నది అందులో.

మొదటి రోజే తల తిరిగింది. మా మహల్లాలో సగం మంది షేక్‌లే కదా. ఇక్కడ 'షేక్ మస్తాన్ వలి' అని ఉన్నాయన అక్కడ 'ఎస్.కె. మస్తాన్‌వలి', ఇంకోచోట 'మస్తాన్ భాయ్ టైలర్'. ముగ్గురూ ఒక్కరే. మహబూబ్ బాషాలు మాత్రం ఒకే గల్లీలో ముగ్గురు, ముగ్గురూ వేరే. పేరు పట్టుకుని కలిపితే ఒకరి చందా ఇంకొకరి ఖాతాలో పడుతుంది. అది అమానత్‌లో ఖయానత్.

రసీదు నంబర్లు రెండు చోట్లా 1 నుంచే మొదలు. ఒక కంప్యూటర్లో తేదీ ముందు, ఇంకోదాంట్లో నెల ముందు. 3/4 అంటే ఏప్రిల్ 3వ తేదీయా, మార్చి 4వ తేదీయా? ఆఫీసు లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా, జకాత్ లెక్క రంజాన్ నుంచి రంజాన్ దాకా. చాంద్ సాల్ దాదాపు 11 రోజులు చిన్నది కాబట్టి 2022-23 లెక్కల్లో రంజాన్ రెండుసార్లు తగిలింది, 2022 ఏప్రిల్‌లో ఒకటి, 2023 మార్చి ఆఖరి వారంలో మొదలైంది ఇంకోటి. ఆ ఒక్క సాల్‌లో జకాత్ ఎందుకు పెరిగిందా అని రెండు రాత్రులు వెతికా.

కొట్లో నా పక్క సీటు దోస్త్ వాళ్ల చర్చి లెక్కలు చూస్తాడు. అతనూ ఈ తంటా పడ్డవాడే. సంఘ సభ్యుల పేర్లు పాస్టర్ గారి కంప్యూటర్లో, కానుకల లెక్క ట్రెజరర్ ల్యాప్‌టాప్‌లో ఉండేవట. "భాయ్, ముందు రెండిటికీ కాపీ తీసి పక్కన పెట్టు. రెండు మొత్తాలూ కాగితం మీద రాసుకో. కలిపాక అవే రాకపోతే ఎక్కడో తప్పు. పేరుని నమ్మకు, ఇంటికో నంబరు ఇయ్యి" అన్నాడు. వాళ్ల కానుక కవర్ మీద కూడా నంబరే ఉంటుందట. ఏ నంబరు ఎవరిదో ట్రెజరర్‌కి ఒక్కడికే తెలుసు.

అలాగే చేశా. పాత రసీదులకి ముందు 'మ', 'జ' అని అక్షరాలు తగిలించా. ఇళ్లు పోల్చడానికి ఫోన్ నంబరు పట్టుకున్నా. రెండు చోట్లా ఉన్న నంబర్లు ఎర్రగా కనపడేలా పెట్టా. అందులో ఒకటి చూసి చెయ్యి ఆగిపోయింది.

ఆఫీసు కంప్యూటర్లో ఆ నంబరు ఒక మర్హూమ్ పేరు మీద ఉంది. నెలకి 50 రూపాయల చందా, ఆయన ఇంతెఖాల్ అయ్యాక కూడా ఒక్క నెల తప్పలేదు. షాపు కంప్యూటర్లో అదే నంబరు ఆయన బేవాది. మేమంతా ఖాలా అని పిలిచే మనిషి. ముస్తహిఖ్‌ల లిస్టులో ఉంది, ప్రతి రంజాన్‌కి రేషన్ తీసుకుంటోంది.

తమ్ముడు అది చూసి, "చందా ఇచ్చే స్థోమత ఉంటే రేషన్ ఎందుకు భాయ్? వెయిటింగ్‌లో ఇంకా ఇళ్లున్నాయి, వాళ్లకి ఇద్దాం" అన్నాడు. చెడ్డ పిల్లాడు కాదు. ఇళ్లిళ్లూ తిరిగి మూటలు మోసేది అతనే. నాకు జవాబు దొరకలేదు. ఒక్క ఎంటర్ కొడితే రెండు లైన్లు ఒకటవుతాయి. 'ఇచ్చింది 600, తీసుకుంది రేషన్' అని బోర్డు మీదికి ఎక్కుతుంది.

ఫజర్ తర్వాత ఇమాం సాబ్‌ని అడిగా, పేరు చెప్పకుండా. ఆయన అన్నారు: "జకాత్ ఇవ్వడం నిసాబ్ ఉన్నవాళ్ల మీద ఫర్జ్. సదకా మనసున్న ఎవరైనా ఇస్తారు. నెలకి 50 ఇచ్చినంత మాత్రాన నిసాబ్ వచ్చేస్తుందా? హఖ్ ఉందో లేదో తెలుసుకోవాలంటే ఇంటి హాలత్ చూడండి, రసీదు కాదు. సూరా బఖరాలో 282వ ఆయత్ హిసాబ్ రాసుకోమంటుంది. అదే సూరాలో 271వ ఆయత్ కూడా చదువు. బీదలకి దాచి ఇవ్వడమే ఇంకా మంచిదని ఉంది."

నేను అప్పటిదాకా మొదటి ఆయత్ పనే చేస్తున్నా. రెండోది గుర్తే లేదు.

చివరికి మహల్లా ఇళ్ల చిట్టా ఒకటే చేశా, ఇంటికో నంబరుతో. చందా పద్దు వేరు, జకాత్ జమ వేరు. జకాత్ పైసా సున్నానికీ తన్‌ఖాకీ పోకూడదు కాబట్టి ఆ రెండూ ఒకే మొత్తంలో కలవకూడదు. ముస్తహిఖ్‌ల లిస్టు ఇంకో ఫైల్, దానికి తాళం. పాస్‌వర్డ్ ఇమాం సాబ్ దగ్గర, తమ్ముడి దగ్గర. తమ్ముడు ఖాలా ఇంటికి వెళ్లి చూసొచ్చి ఏమీ మాట్లాడలేదు. ఆ ఏడాది మూట తనే మోసుకెళ్లాడు.

సదర్ సాబ్ విసుక్కున్నారు. "ఒకటి చెయ్యమంటే ఇన్ని చేశావేంటి?"

"ఇళ్లు ఒకటయ్యాయి సదర్ సాబ్. పైసలు, పరదా ఒకటి కాకూడదు."

కాసేపు చూసి, "బోర్డు మీద నంబర్లే పెట్టు, పేర్లొద్దు" అన్నారు.

ఈద్ ముందు రోజు ఖాలా ఆఫీసు గది గడప దగ్గర నిలబడి, చున్నీ కొంగు ముడి విప్పి 50 నోటు ఇచ్చింది. "బేటా, కొత్త కంప్యూటర్ అంటున్నారు. రసీదు మీద మీ ఖాలూ పేరు పోలేదు కదా?"

"లేదు ఖాలా. ఆయన పేరే ఉంది."

రసీదు మడిచి కొంగులో ముడేసుకుని వెళ్లిపోయింది.