మూడో ప్లేటు

రాజమండ్రిలో ఒక రిటైర్డు లెక్కల మాస్టారి దగ్గర పాత గ్రామఫోన్ ప్లేట్లున్నాయి, చూసి రాయమని మా సంపాదకుడు పంపాడు. పేరు రాయనని మాటిచ్చాకే మాస్టారు తలుపు పూర్తిగా తీశారు. ‘ముట్టుకోకండి’ అన్నది ఆయన మొదటి పలకరింపు. నాకు ఒళ్లు మండింది.

బీరువాల లెక్క చెప్పను. ఆయన చేతులు చూస్తూ కూర్చుండిపోయాను. ప్లేటును రెండు అరచేతుల మధ్య అంచుల మీదే నిలబెడతారు, గాడి మీద వేలు పడనివ్వరు. మెత్తటి బ్రష్షుతో గాడి తిరిగిన దారినే దుమ్ము తీస్తారు. స్పిరిట్‌తో తుడిస్తే త్వరగా పోతుంది కదా అన్నాను. ‘దుమ్ముతో పాటు ప్లేటూ పోతుంది. లక్క కదండీ!’ అన్నారు. నిజమే. పాత 78 ఆర్‌పీఎం ప్లేట్లు రాతిపొడిని లక్కతో కలిపి అచ్చుపోసినవి. మోదుగ, రేగు కొమ్మల మీద పురుగు పెట్టే ఆ జిగురే హైదరాబాదు లాడ్‌బజారులో గాజులవుతుంది. ప్లేటూ గాజులాంటిదే. చేయి జారితే ముక్కలే. నా కోపం సగం దిగింది.

మైకుసెట్లు అద్దెకిచ్చేవాళ్ల దగ్గరా, పాత ఇనప సామాన్ల కొట్లలోనూ పోగేసిన సరుకట అంతా. ఒక పౌరాణిక నాటకం సెట్టు తీశారు. ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పడుతుంది కనుక నాటకాన్ని ముక్కలు చేసి వరసగా ప్లేట్లకెక్కించేవారు. ఒకటి, రెండు, ఆ వెంటనే నాలుగు. మూడోది ఏదండీ అంటే మాస్టారు ఒక నోటుబుక్కు నా ముందుకు తోశారు. తీసుకున్నవారి పేరు, తేదీ, ప్లేటు నంబరు ఉన్నాయి. ‘తిరిగి వచ్చినది’ అన్న గడి ఖాళీ. దాని కింద ఇంకా చాలా గడులు ఖాళీ.

‘క్యాసెట్టులోకి ఎక్కించుకుని వారంలో ఇస్తానన్నాడు బాబూ. ఆ వారం ఇంకా అవలేదు.’

మరొకాయన ప్లేటు భద్రంగానే తిరిగిచ్చాడు. కానీ ఎక్కించుకున్న పాట మధ్యలో తన పేరు తనే చదివి, ‘ఫలానా వారి సేకరణ’ అంటూ ఊరంతా పంచాడు. ప్లేటు ఎవరిదో చెప్పలేదు. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీకి పాడిన గౌహర్ జాన్ పాట చివర తన పేరు ఇంగ్లీషులో చెప్పుకునేది. ప్లేట్లు జర్మనీలో అచ్చయ్యేవి, పాడిందెవరో అక్కడివాళ్లకు తెలియాలి కదా! పాడిన మనిషి చివరిదాకా ఆగింది. పాడనివాడు నడిమధ్యే దూరాడు.

అందుకే ఇప్పుడాయన ప్లేటు ఎవరికీ ఇవ్వరు. అయినా మాస్టారితో నాకు తగువు తీరలేదు. మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణ విడుదలైన సంవత్సరం గడిచాక 60 ఏళ్లకు దాని మీద హక్కు తీరిపోతుంది. సాహిత్యానికీ బాణీకీ లెక్క వేరు. కంపెనీ వదిలేసిన గొంతును బీరువా వదలకపోతే ఎలా? ప్లేటు మీది, గొంతు మీది కాదు గదా అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ‘మా పిల్లలకు ఇవేమీ పట్టవు. నా తర్వాత మళ్లీ ఆ ఇనప సామాన్ల కొట్టుకే’ అన్నారు. తెలిసీ తలుపు మూస్తున్నారన్నమాట!

తలుపు తెరిచినవాళ్లూ ఉన్నారు. కాన్పూరులో హర్‌మందిర్ సింగ్ ‘హమ్‌రాజ్’ హిందీ సినిమా పాటల కోశాన్ని సంపుటాలుగా తెచ్చారంటే, ప్లేట్లూ పాటల పుస్తకాలూ దాచుకున్న ఎందరో వివరాలు అందించబట్టే. ముంబయిలో 1990లో రికార్డు సేకర్తలు ఒక సంఘమే పెట్టుకుని, తమకు తెలిసింది పత్రికలో అచ్చేసి పంచుకున్నారు. అలాంటి చోట ఎవరు ఇచ్చారో చెప్పడం మర్యాద. మనం ఆ మర్యాద పాటించకుండా సేకర్తను పిసినారి అంటున్నాం. వెళ్లేటప్పుడు నాలో ఉన్న చిరాకు, వచ్చేటప్పుడు ఆ ఖాళీ గడుల పక్కన పేర్లున్నవాళ్ల మీదికి మళ్లింది.

ప్రభుత్వాలు భాండాగారాలు కడతాయో లేదో తర్వాత చూద్దాం. మీ అటక మీద ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన ప్లేటు ఉంటే, ముందు అది తిరిగిచ్చేయండి. మూడో నంబరైతే మరీ త్వరగా.