ఎడమ చక్రం

ఛందస్సు గూర్చి వ్రాసుకునే ఈ పుటలో ట్రక్కు టైర్ల గొడవేమిటని మిత్రులు నొచ్చుకోకండి. చక్రానికీ ఒక నడక ఉంటుంది. అది తప్పినపుడు చక్రమే చెబుతుంది. చెప్పినా వినని ఒక తెలుగు పంతులు అనుభవమిది.

ములకలపల్లి వైపు మాకు కొద్దిపాటి జామాయిలు తోట, ఒక ట్రాక్టరు, దాని వెనుక రెండు చక్రాల ట్రక్కు ఉన్నాయి. నాన్నగారు పోయాక బడి పాఠాలతోబాటు ఇవీ నా నెత్తిన పడ్డాయి. కోసిన కర్ర పాల్వంచ మీదుగా సారపాక కాగితపు మిల్లుకు వెళుతుంది. 2016లో మా ప్రాంతం ఖమ్మం నుండి విడివడి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిందిగాని, అడవి అంచు రోడ్ల తీరు మాత్రం పాతదే. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు పొంగింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంతటిది అదే. ఆ ఏటి వానలకు మా దారిలో తారు అంచులు కోసుకుపోయి, పక్కనున్న మట్టి జానెడు లోతుకు దిగిపోయింది.

ఆ చలికాలంలో ట్రక్కు ఎడమ టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది. బయటి అంచున గాళ్ళు ఇంకా లోతుగానే ఉన్నాయి. మా డ్రైవరు ఒక కోయగూడెం కుర్రవాడు. వేగంగా మలుపులు తిప్పుతున్నాడని నేనే తీర్పు చెప్పి, టైరు ధరలో సగం అతని జీతంలో కోసుకున్నాను. అంతకుముందే అతడు రెండుసార్లు అన్నాడు: "ఎడమ చక్రం ఏడుస్తాంది సారూ. కర్ర ఒక వరస తగ్గిద్దాం." పని తప్పించుకునే మాటనుకున్నాను. సంక్రాంతికి ముందు అతడు తాళంచెవి అరుగుమీద పెట్టి వెళ్ళిపోయాడు.

కొత్త టైరు వేయించి మరొక డ్రైవరును పెట్టుకున్నాను. రెండు నెలలు తిరగకుండానే అదే టైరు, అదే అంచు! డ్రైవరు మారాడు, అరుగుదల మారలేదు. తప్పు మనిషిలో లేదని అపుడు తట్టింది.

ఒక ఆదివారం కూర్చుని వరుసగా చూశాను. గాలి తక్కువైతే రెండంచులూ, ఎక్కువైతే నడుమా అరగాలి. ఇక్కడ రెండూ కావు. జాకీతో చక్రం లేపి, పైనా కిందా పట్టి ఊపాను. బేరింగులో ఆట లేదు. కమాను పట్టీలు విరగలేదు, యూ బోల్టులు బిగువుగానే ఉన్నాయి. చక్రాలు పక్కచూపు చూస్తున్నాయేమోనని రెండు టైర్ల నడుమ సుద్దముక్కతో గుర్తులు పెట్టి ముందువైపు దూరం కొలిచాను. ట్రక్కును నెట్టి, ఆ గుర్తులు వెనుకవైపుకు వచ్చాక మళ్ళీ కొలిచాను. రెండు కొలతలూ ఒకటే.

చివరకు చదునైన సిమెంటు నేలమీద నిలిపి, తొట్టి అంచు నుండి తాపీమేస్త్రీల గుండు దారం వేలాడదీశాను. కుడి చక్రపు రిమ్ముకు పైనా కిందా దూరం సమానం. ఎడమవైపు మాత్రం పైన 12 మిల్లీమీటర్లు ఎక్కువ. అంటే చక్రం తల లోపలికి వాల్చి నడుస్తోంది! బరువంతా లోపలి అంచుమీదే పడుతోంది. ఇరుసు ఎడమ కొస పైకి వంగిపోయింది.

ఎడమ కొసే ఎందుకు వంగింది? ఎదురుగా లారీ వచ్చినపుడల్లా తారు దిగేది ఎడమ చక్రమే. నిండు బరువుతో ఆ జానెడు గట్టు దిగి మళ్ళీ ఎక్కడం ఎన్ని వందలసార్లు జరిగిందో! అయితే గట్టును మాత్రమే తిడితే సరిపోదు. బీరువాలోని పాత కాటా చీటీలు తీశాను. ఐదు టన్నుల ట్రక్కులో ఏడు టన్నులు దాటిన చీటీలు పదకొండు కనిపించాయి. కిరాయి కలిసివస్తుందని ఆ పై వరస వేయించినది నేనే.

పాల్వంచలో ఒక పెద్ద మేస్త్రీ ఇరుసును చూసి, "కాల్చి తిన్నగ చేస్తే ఇనుము బలం పోతది. మళ్ళ వంగుతది. మార్చుడే మంచిది" అన్నాడు. మార్పించాను. మళ్ళీ గుండు దారం కట్టి చూసుకున్నాకే కర్ర ఎక్కించాను, ఐదు టన్నులకు లోబడి. ఇప్పటికీ నెలకొకసారి టైరుమీద అడ్డంగా సుద్దగీత గీసి, కొంతదూరం నడిపి చూస్తాను. గీత అంతటా సమానంగా చెరిగితే నిశ్చింత.

కోసుకున్న జీతం పట్టుకుని గూడేనికి వెళ్ళాను. వాకిట్లో ఇప్పపూలు ఆరబోసి ఉన్నాయి. ఇరుసు సంగతి చెప్పి, తప్పు నాదేనన్నాను. అతడు డబ్బు లెక్కపెట్టుకుని, కాసేపాగి అడిగాడు: "ఇప్పుడు కర్ర ఎంత ఏస్తున్నరు సారూ?"

"ఐదు టన్నులే."

తల ఊపాడు. పనికి మాత్రం తిరిగి రాలేదు. రమ్మని అడిగే మొగమూ నాకు లేకపోయింది.

మీలో ఎవరికైనా ట్రక్కు ఉంటే, టైరు ఒకే అంచున అరుగుతుంటే, ముందు గుండు దారం పట్టండి. నడిపేవాని మాట అంతకంటే ముందు వినండి.