కేడీ నిలబడే చోటు నుంచి

గోల్కొండ చూడటానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, బాలాహిసార్ ఎక్కి దిగి వెళ్ళిపోతారు. నయా ఖిల్లా వైపు వచ్చేవాళ్ళు తక్కువ. 1656లో ఔరంగజేబు ముట్టడి తర్వాత కుతుబ్‌షాహీలు కోటకు కలుపుకున్న భాగం అది. హాతియాన్ కా ఝాడ్ అని పిలిచే బ్రహ్మాండమైన బావోబాబ్ చెట్టు ఆ గోడల లోపలే ఉంది. దాని పరిసరాల్లోనే ఇప్పుడు హైదరాబాద్ గోల్ఫ్ మైదానం. చారిత్రక కోటలో గోల్ఫ్ ఉండొచ్చా అన్న వాదన చాలాకాలంగా ఉంది, అది వేరే వ్యాసానికి సరిపడా సంగతి. నేను వెళ్ళింది మాత్రం ఒక ప్రశ్న పట్టుకుని. బంతి ముందు నిలబడి డ్రైవర్‌ని దాని వెనక ఆనించినప్పుడు, బంతి ఆ క్లబ్ ముఖంలో సరిగ్గా ఎక్కడికి ఎదురుగా ఉండాలి?

ఆట చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. గోల్ఫర్ సంచిలో 14 దాకా క్లబ్బులు పెట్టుకోవచ్చు. అన్నిటికన్నా పొడవైనది డ్రైవర్, సాధారణంగా 45 అంగుళాలు అటూఇటూ ఉంటుంది. దాని తల బోలుగా, నున్నగా, పెద్దగా ఉంటుంది. నిబంధన ప్రకారం 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదు. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములు మించకూడదు. టీ అనే చిన్న పుల్ల మీద బంతిని నిలబెట్టి కొట్టే వీలు ప్రతి హోల్ మొదటి దెబ్బకే ఉంటుంది. కొట్టబోయే ముందు క్లబ్ పెట్టుకుని నిలబడే తీరును అడ్రెస్ అంటారు. క్లబ్ తలలో కాడ వచ్చి కలిసే వైపు హీల్, బయటి కొస టో. డ్రైవర్‌కూ బంతికీ మధ్య తాకిడి సెకనులో దాదాపు రెండువేలవ వంతు సేపే ఉంటుంది. అంత తక్కువ వ్యవధిలో చెయ్యి దిద్దగలిగేది ఏమీ లేదు. దిద్దేదంతా అంతకుముందే, నిలబడేటప్పుడే.

ప్రాక్టీసు వరసలో నేర్పుతున్న ప్రో యాభై దాటిన మనిషి. పక్క బస్తీలో పుట్టి, చిన్నప్పుడే కేడీగా సంచులు మోసి, ఆట నేర్చుకుని, ఇప్పుడు నేర్పుతున్నాడు. ఈ ప్రశ్న అడగగానే ఆయన మొహం వెలిగింది. "ఇది ఎవ్వరు అడగరు సార్. అందరు గ్రిప్ అడుగుతరు, స్వింగ్ అడుగుతరు" అన్నాడు.

వరసలో మూడో చోట ఒక రిటైర్డ్ ఇంజనీరుగారు ఆడుతున్నారు. బంతి బయల్దేరడం తిన్నగానే బయల్దేరుతోంది, సగం దూరం పోయాక కుడివైపు తిరిగిపోతోంది. స్లైస్ అనే ఈ జబ్బు వారాంతపు ఆటగాళ్ళలో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉంటుంది. ఆయన తన భుజాల్ని, మణికట్టుని అనుమానిస్తున్నారు. ప్రో అవేవీ పట్టించుకోలేదు. జేబులోంచి పాదాలకు కొట్టుకునే పౌడర్ స్ప్రే తీసి డ్రైవర్ ముఖానికి తెల్లగా ఒక పూత కొట్టాడు.

"ఇప్పుడు కొట్టున్రి సార్."

కొట్టారు. తెల్ల పూత మీద బంతి గుంటల ముద్రతో సహా గుండ్రటి మచ్చ పడింది. ముఖం మధ్యలో కాదు, బాగా హీల్ వైపు. ఇంజనీరుగారు ఒప్పుకోలేదు. "నేను పెట్టింది సెంటర్‌లోనే కదయ్యా! పైన ఉన్న బాణం గుర్తుకు ఎదురుగా పెట్టాను."

"మీ తానికెల్లి చూస్తే సెంటరే సార్. జర నా తానికొచ్చి చూడున్రి."

ఇంకొకర్ని నిలబెట్టి, అదే క్లబ్బుని అదే చోట ఆనించి పట్టుకోమన్నాడు. ఇంజనీరుగారినీ నన్నూ బంతి వెనక, అది వెళ్ళాల్సిన గీత మీద గొంతుకూర్చోబెట్టాడు. అక్కడి నుంచి చూస్తే తేడా స్పష్టంగా తెలిసింది. పైనుంచి నడిమధ్యలో ఉన్నట్టు కనిపించిన బంతి నిజానికి హీల్ వైపే ఉంది.

ఎందుకంటే బంతి టీ మీద ఎత్తులో ఉంది, క్లబ్ తల నేల మీద ఉంది. ఆటగాడి కళ్ళు బంతికి నేరుగా పైన ఉండవు, తన పాదాల వైపు, లోపలికి ఉంటాయి. అక్కడి నుంచి ఏటవాలుగా చూసినప్పుడు ఎత్తులో ఉన్న వస్తువు నేల మీది వస్తువుకన్నా అవతలికి జరిగినట్టు అగుపిస్తుంది. స్కూటరు స్పీడు ముల్లు నడిపేవాడికి ఒక అంకె మీద, వెనక కూర్చున్నవాడికి ఇంకో అంకె మీద కనిపించడం లాంటిదే ఇది. నేను వేసుకున్న లెక్క ప్రకారం, మామూలు ఎత్తు మనిషికి ఈ చూపు తేడా ఒక్కటే అర అంగుళం దాకా వస్తుంది.

రెండో కారణాన్ని ప్రో చేసి చూపించాడు. నేల మీద ఆనించి ఉన్న క్లబ్బుని, నిలబడ్డ తీరు మార్చకుండా, చేతులు మాత్రం లేపి బంతి ఎత్తుకు తెమ్మన్నాడు. క్లబ్ తల నేరుగా పైకి లేవలేదు. భుజం ఇరుసుగా తిరుగుతుంది కాబట్టి, లేచినకొద్దీ బయటికీ జరిగింది. లేచింది అంగుళమే అయినా బయటికి జరిగింది కూడా ఇంచుమించు అంతే ఉంది. దాంతో బంతి హీల్‌కి ఇంకా దగ్గరైంది. చూపు చేసిన తేడా, చెయ్యి చేసిన తేడా రెండూ ఒకే దిక్కుకు లాగుతాయి. అసలు స్వింగ్‌లో ఇంకోటి తోడవుతుంది. వేగానికి చేతులు సాగుతాయి, క్లబ్ కాడ కూడా కాస్త కిందికి వంగి టో వాలుతుంది. అడ్రెస్‌లో ఉన్న కొలత దెబ్బ సమయానికి అలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

హీల్ తగిలితే బంతి కుడివైపు ఎందుకు తిరగాలి? డ్రైవర్ తల బరువు ముఖానికి బాగా వెనక ఉంటుంది. నడిమికి పక్కగా బంతి తగిలితే తల ఆ బరువు చుట్టూ కొంచెం మెలితిరుగుతుంది. ముఖం, బంతి పళ్ళచక్రాల్లా ఒకదాన్నొకటి తిప్పుకుంటాయి. కుడిచేతి ఆటగాడికి హీల్ దెబ్బ బంతిని కుడికి తిప్పుతుంది, టో దెబ్బ ఎడమకు తిప్పుతుంది. దీన్ని గేర్ ఎఫెక్ట్ అంటారు. తయారీదారులకు ఇది తెలుసు. అందుకే డ్రైవర్ ముఖం బల్లపరుపుగా ఉండదు, అడ్డంగా కొద్దిపాటి ఉబ్బు ఉంచుతారు. హీల్ తగిలిన బంతి ముందు కొంచెం ఎడమకు బయల్దేరి, తర్వాత కుడికి తిరిగి దారిలోకి వస్తుందని ఆశ. మరీ అంచున తగిలితే మాత్రం ఆ ఉబ్బు కాపాడలేదు. ఇంజనీరుగారి భుజాలకు ఏ దోషమూ లేదని నాకు అప్పుడు అర్థమైంది.

ఈ చిక్కు తాతల కాలంలో ఇంత లేదు. ఒకప్పుడు ఇసుకను తడిపి చిటికెడు తీసి దిబ్బలా చేసి దాని మీద బంతి పెట్టేవారు. 1899లో బోస్టన్‌కు చెందిన నల్లజాతి దంతవైద్యుడు జార్జ్ ఫ్రాంక్లిన్ గ్రాంట్ చెక్క టీకి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని వ్యాపారంగా మార్చి డబ్బు చేసుకోవాలని ఆయన చూడలేదు. 1920లలో విలియం లోవెల్ అనే ఇంకో దంతవైద్యుడు రెడ్డీ టీ పేరుతో చెక్క టీని ఊరూరా వ్యాపింపజేశాడు. అప్పటి డ్రైవర్లు పర్సిమన్ చెక్కతో చేసినవి, తల ఇప్పటిదానిలో సగం కూడా ఉండేది కాదు. టీ పొట్టి, తల చిన్నది, కాబట్టి అడ్రెస్‌లోనే బంతి నడిమి, ముఖం నడిమి దాదాపు ఒకే ఎత్తులో ఉండేవి. 1979లో టేలర్‌మేడ్ లోహపు డ్రైవర్ తెచ్చింది. తర్వాత టైటానియం వచ్చింది, తలలు ఉబ్బాయి, వాటితోపాటు టీలూ పొడవయ్యాయి. ఇప్పుడు బంతిలో సగం క్లబ్ పైఅంచుకు మీదుగా కనిపించేలా టీ పెట్టమంటారు. టీ ఎత్తు పెరిగినకొద్దీ కంటికి కనిపించేదానికీ ముఖం మీద పడే మచ్చకూ మధ్య ఎడం పెరిగింది. అందుకే పాతకాలపు ఆటగాళ్ళు చెప్పిన పద్ధతిని ఇప్పటి క్లబ్బుకు యథాతథంగా వాడుకోవడం నాకు సరికాదనిపిస్తుంది.

"అయితే అందరు టో దిక్కు పెట్టుకోవాల్నా?" అని ఒక యువకుడు అడిగాడు. ఐటీ ఉద్యోగి, గచ్చిబౌలి నుంచి వచ్చాడు. ప్రో తల అడ్డంగా ఊపాడు.

అందరికీ ఒకటే కొలత అయితే గొప్పవాళ్ళంతా ఒకేలా నిలబడేవారు. మేజర్లు అనే అతి పెద్ద టోర్నీలను 18 సార్లు గెలిచిన జాక్ నిక్లాస్ అసలు క్లబ్బుని నేలకు ఆనించేవాడే కాదు, గాలిలోనే ఉంచేవాడు. కెనడాకు చెందిన మో నార్మన్ బంతికి దాదాపు అడుగు వెనక క్లబ్ పెట్టుకుని, అక్కడి నుంచే స్వింగ్ మొదలుపెట్టేవాడు. తిన్నగా కొట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని తోటి ఆటగాళ్ళే అనేవారు. 1979 మాస్టర్స్, 1984 యూఎస్ ఓపెన్ గెలిచిన ఫజ్జీ జోలర్ బంతిని హీల్‌కి ఎదురుగా పెట్టుకునేవాడు. ముగ్గురూ దెబ్బ సమయానికి బంతిని ముఖం నడిమికే తెచ్చుకున్నారు.

పక్కన పన్నెండేళ్ళ అమ్మాయి వాళ్ళ నాన్నతో వచ్చింది. ఆమె మచ్చలు టో వైపు పడుతున్నాయి. దెబ్బ దగ్గరికి వచ్చేసరికి మోచేతులు లోపలికి ముడుచుకుంటోంది. ఆ వయసులో బరువైన క్లబ్బుతో అలా జరగడం సహజమేనన్నాడు ప్రో. ఆమెను ముందు క్లబ్ లేపి, బంతి ఎత్తుకు తెచ్చి, ముఖం నడిమికి బంతి సరిచూసుకున్నాకే నేల మీదికి దించమన్నాడు. తర్వాత క్లబ్ తల పట్టేంత సందు వదిలి, బంతికి అటూఇటూ రెండు టీలు గుచ్చాడు.

"బిడ్డా, పుల్లలు పడకుండ కొట్టాలె. బాల్ ఏడికి పోయిందో ఇప్పుడు చూడకు."

బయటి పుల్ల రెండుసార్లు ఎగిరింది, తర్వాత లోపలిది ఎగిరింది. ఆ తర్వాత దెబ్బకు రెండూ నిలబడ్డాయి. శబ్దం కూడా మారింది. ముందున్న పొడి టక్కు పోయి, గట్టిగా ఒకే మోత వినిపించింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి నవ్విన నవ్వు చూస్తే, ఇంతసేపు మేం మాట్లాడుకున్న కొలతలన్నీ ఆమె చేతులకు చేరాయని తెలిసింది.

ముందూ వెనకల సంగతి ప్రో తొందరగానే ముగించాడు. డ్రైవర్‌తో బంతి ఎడమ మడమకు లోపలి అంచున ఎదురుగా ఉండాలి. స్వింగ్ అట్టడుగుకు వెళ్ళి తిరిగి పైకి లేస్తున్నప్పుడు ముఖం తగలాలి కాబట్టి అలా. దీన్ని అందరూ నేర్పుతారు, పుస్తకాల్లోనూ ఉంటుంది. హీల్, టో సంగతే ఎవరూ చెప్పరని ఆయన బాధ.

ఈయనకు ఇది ఎలా తెలిసిందని అడిగాను. కేడీగా ఉన్నప్పుడు ప్రతి టీ షాట్ తర్వాత సాబ్ డ్రైవర్ ఇస్తే తడిగుడ్డతో తుడిచి సంచిలో పెట్టడం తన పని. తుడిచేముందు ముఖం మీద మట్టి, గడ్డి మరక ఎక్కడుందో కళ్ళబడేది. అదే బంతి ఎటు పోయిందో దూరంగా చూసి చెప్పాల్సిందీ తనే. మరక ఇక్కడుంటే బంతి అటు పోతుందని ఏళ్ళ తరబడి చూసి పట్టుకున్నాడు. ఆటగాడు ఎప్పుడూ తన కళ్ళతోనే చూస్తాడు, కేడీ ఎదురుగానో వెనకనో నిలబడి చూస్తాడు. అందుకే బంతి నిజంగా ఎక్కడుందో వాడికి తెలుస్తుంది.

మన దేశంలో ఈ ఆట జ్ఞానం చాలావరకు ఇలాంటి మనుషుల దగ్గరే ఉంది. కలకత్తాలో 1829లోనే గోల్ఫ్ క్లబ్ పెట్టారు, బ్రిటిష్ దీవుల బయట అంత పాత క్లబ్ ఇంకోటి లేదు. అయినా ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయుడి కోసం 1991 దాకా ఆగాల్సి వచ్చింది. గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో కేడీగా మొదలైనవాడు. 2009లో గెలిచిన మునియప్పదీ బెంగళూరులో అదే దారి. సంచి మోసినవాళ్ళ పరిశీలనలను ఎవరూ రాసిపెట్టలేదు. రాసిపెట్టాలి. తెలుగులో గోల్ఫ్ నేర్చుకునే పిల్లలు పెరుగుతున్నారు, వాళ్ళకు అందాల్సిన పాఠం ఇది.

వెళ్ళేముందు ఇంజనీరుగారు మరో పది బంతులు కొట్టారు. ఈసారి క్లబ్ నేలమీద ఆనించినప్పుడు బంతి టో వైపు ఉండేలా పెట్టారు. "చూస్తుంటే తప్పుగా పెట్టినట్టే ఉందయ్యా" అని గొణుగుతూనే కొట్టారు. మచ్చలు నడిమి చుట్టూ గుంపుగా పడ్డాయి, రెండు మాత్రం కొంచెం పైన పడ్డాయి. బంతి కుడికి వాలడం పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది. ఇప్పుడు మిగిలింది ఆయన స్వింగ్‌ది, దాని సంగతి వచ్చేవారం చూద్దామన్నాడు ప్రో. టీ ఎత్తు మార్చినా, బూట్లు మార్చినా, కొత్త డ్రైవర్ కొన్నా మొదట పౌడర్ కొట్టి చూసుకోమని చెప్పి, ఐటీ కుర్రాడి క్లబ్ అందుకుని దాని ముఖానికి తెల్లపూత కొట్టడం మొదలుపెట్టాడు.