కంపెనీ వాసన అనుకున్నారు

పటాన్‌చెరు పక్కన ఫ్యాక్టరీల మధ్య ఉన్న ఇస్నాపూర్, పాశమైలారం బస్తీల్లో ఏఎన్ఎమ్‌గా తిరుగుతాను. గర్భిణికి ఆయాసం ఎందుకని అడిగితే ఇక్కడ రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. "నెలలు పడ్డంక దమ్ము రాదా సిస్టర్?" అంటారు. లేకుంటే, "రాత్రి కంపెనీ వాసన మస్తుండె" అంటారు. రెండూ నిజమే. అందుకే నాకు భయం.

2021 మే. రేకుల గదుల వరుసలో చివరి గది. ఒడిశా నుంచి వచ్చిన అమ్మాయి, ఎనిమిదో నెల. నాలుగు రోజులుగా జ్వరం, పొడి దగ్గు. నైట్ డ్యూటీ చేసొచ్చిన భర్త లోపల నిద్రపోతున్నాడు. ఆమె గడపలో తలుపుకు ఆనుకుని కూర్చుంది. పేరు చెప్పింది. ఊరి పేరు మొదలుపెట్టి మధ్యలో ఆగి గాలి పీల్చుకుంది. జిల్లా పేరుకు మళ్లీ ఆగింది. ఆక్సీమీటర్ పెడదామంటే గోళ్లకు ముదురు ఎరుపు రంగు. దాంతో రీడింగ్ తప్పు రావచ్చు. రంగు రాలిపోయిన ఉంగరపు వేలు వెతికి పెట్టాను. 91.

గర్భిణికి 95 కంటే తగ్గకూడదు. కడుపు పెరిగేకొద్దీ గర్భసంచి ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొరను పైకి నెడుతుంది. ఒంటికి కావలసిన ప్రాణవాయువేమో ఐదో వంతు దాకా పెరుగుతుంది. అంటే ఖర్చు పెరిగింది, నిల్వ తగ్గింది. అలాంటప్పుడు వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగితే తల్లి త్వరగా కుంగిపోతుంది. 2009 స్వైన్‌ఫ్లూలోనూ ఇదే చూశాం. కరోనా వైరస్ కడుపులోని బిడ్డకు సోకడం అరుదు. బిడ్డను దెబ్బతీసేది ఎక్కువగా తల్లి రక్తంలో ప్రాణవాయువు తగ్గడం, తగ్గని జ్వరం, కొన్నిసార్లు మాయ దెబ్బతినడం. నెలలు నిండకుండా కాన్పు కావచ్చు, కడుపులోనే బిడ్డ పోవచ్చు.

అంతకుముందు ఏడాది లాక్‌డౌన్‌లో, 2020 మే 1న, కంది ఐఐటీలో పనిచేసే కూలీలతో లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు మొదటి శ్రామిక రైలు కదిలింది. ఆ లాక్‌డౌన్ కష్టాలు విన్న ఇక్కడి కూలీలు ఈసారి జ్వరం వచ్చినా నోరు మెదపలేదు. జ్వరమని తెలిస్తే ఓనరమ్మ గది ఖాళీ చేయిస్తుందని, కాంట్రాక్టర్ డ్యూటీకి రానివ్వడని భయం. వాళ్లను నేనేమీ అనలేను.

ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేశాను. ముందు వెళ్లిన ఆసుపత్రిలో కరోనా టెస్టు రిపోర్టు లేనిదే గేటు తీసేది లేదన్నారు. అక్కడే నలభై నిమిషాలు పోయాయి. ఆమె గోళ్ల మీది ఎరుపు చూస్తూ నిలబడ్డాను. ఆ రంగు కింద ఏముందో కనబడదు కదా అన్న దిగులు నన్ను ఇప్పటికీ వదల్లేదు. అక్కడి నుంచి హైదరాబాద్ గాంధీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. బిడ్డ ఊపిరితిత్తులు ఎదగడానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండు రోజుల తర్వాత ఆపరేషన్. ముప్పైమూడు వారాల ఆడబిడ్డ, రెండు కిలోలకు తక్కువ. బిడ్డకు నెగెటివ్ వచ్చింది. తల్లి ఆక్సిజన్ మీద ఉండి కూడా పాలు పిండి పంపింది. పాల ద్వారా రోగం రాదని, మాస్కు పెట్టుకుని చేతులు కడుక్కుని పట్టొచ్చని ఫోన్లో పదిసార్లు చెప్పాను. తల్లీబిడ్డలిద్దరూ బతికారు.

గర్భిణులకు కరోనా టీకా ఇవ్వొచ్చని కేంద్రం చెప్పింది ఆ జూలై 2న. ఆమెకు అప్పటికే ఆలస్యమైంది. ఇప్పుడు ఫ్లూ సీజన్ రాకముందే గదిగదికీ తిరిగి చెబుతున్నాను: ఫ్లూ టీకా ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు, జ్వరం దగ్గు వస్తే ఆ రోజే దవాఖానకు రండి, ఫ్లూ మందు రెండు రోజుల్లోపు మొదలైతేనే బాగా పనిచేస్తుంది.

ఆయాసముందా అని మాత్రం అడగడం మానేశాను. "మీ ఊరి నుంచి ఇక్కడికి ఎట్లొచ్చినవమ్మా, చెప్పు" అంటాను. ఏ స్టేషన్లో ఎక్కిందో, ఎక్కడ మారిందో, ఎవరు తోడొచ్చారో ఆమె చెబుతుంటుంది. ఎన్నిచోట్ల ఆగిందో నేను లెక్కపెడుతుంటాను.