తల్లో పెట్టుకోని పువ్వు

మా మిద్దె మీద మల్లెచెట్టు ఎండకు పోయిందని బంధువులకు చెప్తుంటాం. కర్నూలు ఎండలు కాబట్టి ఎవరూ అనుమానించరు. నిజానికి నాన్న పోయాక అమ్మ దానికి నీళ్లు పోయడం మానేసింది. దినాలైన వారానికి ఒకావిడ మిద్దె మీదికొచ్చి, "ఇంకెవరికి లేమ్మా ఈ పూలు" అనింది. ఆమె చెడ్డది కాదు, అలవాటుగా అనేసింది. ఆ రోజు నుంచి అమ్మ బకెట్ ఆ మూలకు పోలేదు. నేనప్పుడు ఇంటర్ సెకండియర్. చూసి కూడా ఏమీ అనలేదు.

బీటెక్ రెండో ఏడాది సెప్టెంబర్‌లో బెంగళూరు వెళ్లినప్పుడు ఒక నర్సరీలో ఆరు కార్నేషన్ మొక్కలు కొన్నా. రంగు నచ్చింది, అంతే. ఇది ఊటీ, కూనూరు లాంటి చల్లటి చోట్ల పెరిగే మొక్క అని కొన్నాక గూగుల్ చేశా. మనం సిలబస్ కూడా ఎగ్జామ్ ముందే కదా చూసేది.

అమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి ఒకటే అడిగింది. "ఇది తల్లో పెట్టుకుంటారా?"

"లేదమ్మా, గ్లాసులో నీళ్లు పోసి పెడతారు."

"అయితే ఉండనీలే."

మొదటి తప్పు నాదే. మా చేనులోంచి నల్లరేగడి తెచ్చి కుండీలు నింపినా. రేగడి పత్తికి, శనగకు బంగారం. కుండీలో కార్నేషన్‌కు మాత్రం ఉరి. నీళ్లు పోస్తే బంకలా పట్టుకుంటుంది, వేర్లకు గాలి ఆడదు. పైగా ఉత్సాహం కొద్దీ రెండు పూటలా పోసినా. పది రోజుల్లో రెండు మొక్కలు మొదట్లో మెత్తబడి వాలిపోయాయి.

"చామంతికి కూడా ఇన్ని పోయము అబ్బీ" అంటూ అమ్మ కొంగు దోపుకుని దిగింది. ఎర్రమన్ను, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి మిగిలిన నాలుగింటినీ మార్చింది. కాండం మన్నులోకి దిగకుండా, ముందు ఎంత లోతులో ఉందో అంతే పెట్టింది. నీళ్లు పొద్దున ఒక్కసారి, ఆకుల మీద పడకుండా మొదట్లోనే. అదీ పై మన్ను ఆరితేనే.

ఐదారు కణుపులు వచ్చాక కొన తుంచాలని వీడియోల్లో చెప్పారు. నాకు చేతులు రాలేదు. బతికినవే నాలుగు! అమ్మ మాత్రం తుప్పు తుప్పున తుంచేసింది. వాళ్ల పుట్టిల్లు మైదుకూరు దగ్గర. సుంకేసుల నుంచి కడపకు పోయే కేసీ కాలువ నీళ్ల కింద మా తాతకు అరెకరం చామంతి ఉండేదంట. చిన్నప్పుడు బడికి పోయే ముందు ఒక సాలు కొనలు తుంచి పోవాలంట. "ఒక్క పువ్వు చాలంటే వదిలెయ్. పది కావాలంటే తుంచల్ల" అనింది. ఆ రోజు తాత గురించి, కాలువ గురించి అరగంట మాట్లాడింది. నాన్న పోయాక అమ్మ ఒక్కసారిగా అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

జనవరిలో మొగ్గలొచ్చాయి. పగలు ఎండ, రాత్రి చలి. ఆ తేడాకు మొగ్గ తొడిమ ఒక పక్క చిరిగి రేకులు జారిపోతాయి. అమ్మ పొట్లాలకొచ్చే సన్న రబ్బరుబ్యాండ్లు మొగ్గలకు తొడిగింది. పాలీహౌస్ రైతులు కూడా ఇదే చేస్తారని తర్వాత చదివా. పక్కమొగ్గలు గిల్లేస్తే కొసన ఒకటే పెద్ద పువ్వు వస్తుందని చెప్పా. ఒప్పుకోలేదు. "ఉన్నయి ఉన్నట్లు పూయనీ."

ఫిబ్రవరిలో హాస్టల్ నుంచి వీడియో కాల్‌లో లెక్కపెట్టా. నాలుగు మొక్కలకు 23 పూలు. వాసన ఎట్లుందంటే "లవంగం, బిర్యానీ వాసన" అని నవ్వింది. మూడు కోసి గ్లాసులో పెట్టి, నాన్న ఫొటో పక్కన ఉంచింది.

1908 మే 10న అమెరికాలోని గ్రాఫ్టన్‌లో అన్నా జార్విస్ అనే ఆమె, చనిపోయిన తన తల్లికి ఇష్టమని చర్చికి 500 తెల్ల కార్నేషన్లు పంపిందంట. మదర్స్ డే అక్కడ మొదలైంది. అది చదివి, అమ్మ పెంచిన పువ్వే అమ్మకు ఇద్దామని ప్లాన్ వేశా. మే నెలలో, కర్నూల్లో! ప్లానింగ్‌లో మనం ఇంజినీర్లం కదా. గ్రీన్ నెట్ కట్టినా, కుండీలు తూర్పు గోడ నీడకు జరిపినా మార్చికే కింది ఆకులు పసుపెక్కాయి. ఏప్రిల్ ఆఖరుకు నాలుగూ పుల్లలు.

సెమిస్టర్ సెలవులకు మొదటి వానల్లో ఇంటికెళ్లా. మిద్దె మీద మూడు కుండీలు ఖాళీ. నాలుగో దాంట్లో జానెడు పుల్ల, దానికి రెండు లేత ఆకులు. మల్లె.

"పక్కింట్లో కొమ్మలు కత్తిరిస్తాంటే ఒకటి తెచ్చి గుచ్చినా. కుండీ ఖాళీగా ఉండె కదా" అనింది, నేను అడగకుండానే.

సాయంత్రం నేను నీళ్లు పోస్తానని చెంబు తీసుకుంటే లాక్కుంది. "నువ్వొద్దులే, కుళ్లబెడతావు."