రెండింతల ఇంజను

పిల్లలూ! ఒక లెక్క చెబుతాను, చూడండి. 5 అశ్వశక్తి ఇంజను ఒక పడవను 10 నిముషాలలో ఏరు దాటిస్తే, 10 అశ్వశక్తి ఇంజను ఎన్ని నిముషాలలో దాటిస్తుంది? "అయిదు" అని మీలో చాలామంది ఈపాటికి అనే ఉంటారు. 1986లో నేనూ అదే అన్నాను. అప్పటికి నాకు సైన్సు మాస్టరు ఉద్యోగం వచ్చి ఏడాది కూడా కాలేదు.

మా మలికిపురానికి దగ్గరలో దిండి ఉన్నది. అక్కడ వశిష్ఠ గోదావరి దాటితే చించినాడ. ఇప్పుడు వంతెనమీద బస్సులు పోతున్నాయి గాని, ఆ రోజుల్లో పడవే దిక్కు. రేవులో ఒక పెద్దాయనకు 25 అడుగుల పాత కొయ్యపడవ ఉండేది. చేలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజనునే దాని వెనకభాగంలో బిగించుకున్నాడు. ఒకనాడు నన్ను అడిగాడు: "మేస్టారండీ, దీనికి రెండింతల ఇంజను పెడితే సగం సేపట్లో దాటేస్తామంటారా?"

"త్రైరాశికమే కదా బాబాయ్, తప్పకుండా!" అన్నాను.

ఆయన నా మాట నమ్మి అప్పు చేశాడు.

కొత్త ఇంజను బిగించిన రోజున నాతో కలిపి ఏడుగురం ఎక్కాము. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. అవతలి ఒడ్డు చేరేసరికి 8 నిముషాలు పట్టింది! పడవ వెనకభాగం మాత్రం నీటిలోకి బాగా దిగిపోయింది. కొత్త ఇంజను పాతదానికంటె వంద కిలోలు ఎక్కువ బరువు మరి. తిరిగి వచ్చేటప్పుడు రేవు దగ్గర ఆయన ఇంజనును ఒక్కసారిగా తగ్గించాడు. పడవ ఆగింది గాని, మా వెనకనే తరుముకొస్తున్న అల ఆగలేదు, పడవలోకి ఎక్కేసింది. ఇంజను అదురుకు పలకల మధ్య కూరిన నార వదిలి, కిందినుంచి కూడా నీరు ఊరసాగింది. కొందరు డబ్బాలతో తోడిపోస్తూంటే, కొందరం మొలలోతు నీటిలో దిగి పడవను ఒడ్డుకు లాగాము. ఎవరికీ ఏమీ కాలేదు. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక తల్లి నావంక చూసిన చూపు మాత్రం నాకింకా జ్ఞాపకమే.

ఆ రాత్రి లెక్క మళ్లీ చేశాను. పడవ వేగం రెండింతలైతే నీటి అడ్డు సుమారు నాలుగింతలవుతుంది. ఆ నాలుగింతల అడ్డును రెండింతల వేగంతో తోసుకుపోవాలంటే ఇంజను శక్తి ఎనిమిదింతలు కావాలి! శక్తిని రెండింతలే చేస్తే వేగం పెరిగేది సుమారు నాలుగోవంతు. 10 నిముషాలు 8 అయింది అందుకే.

అదైనా ఒక హద్దు వరకే. పడవ నడుస్తూ అలను లేపుతుంది. వేగం పెరిగినకొద్దీ ఆ అల పొడవు సాగుతుంది. అది పడవ పొడవంత అయ్యేసరికి, పడవ తాను చేసిన పల్లంలో తానే కూర్చుని, ముక్కు పైకెత్తి, గట్టెక్కలేక తంటాలు పడుతుంది. 25 అడుగుల పడవకు గంటకు సుమారు 12 కిలోమీటర్ల దగ్గర ఈ హద్దు వస్తుంది. (అడుగు చదునుగా, తేలికగా ఉండే వేగపు పడవలు ఆ అలను ఎక్కి నీటిమీద జారిపోతాయి, వాటి సంగతి వేరు.) ఇంగ్లండులో విలియం ఫ్రూడ్ (1810–1879) అనే ఇంజనీరు చిన్నచిన్న నమూనా పడవలను నీటి తొట్టెలో లాగించి ఇటువంటి సంగతులెన్నో తేల్చాడు. నేను ప్రయోగం చేసింది మనుషులున్న పడవమీద!

మర్నాడు వెళ్లి నా తప్పు ఒప్పుకున్నాను. ఆయన పడవ బాగుచేయించి పాత ఇంజనునే మళ్లీ ఎక్కించాడు. కొత్తదాన్ని ఒక కొబ్బరితోట రైతు కొంత తక్కువ ధరకు కొన్నాడు. ఆ తగ్గిన సొమ్ము నేనిస్తానంటే ఆయన పుచ్చుకోలేదు. రెండు నెలలు వెంటపడితే చివరకు పుచ్చుకున్నాడు.

తరువాత నేనెప్పుడు పడవెక్కినా, చుక్కాని పట్టుకుని అడిగేవాడు: "ఆయ్, మేస్టారండీ, ఇవాళ ఎన్ని నిముషాలంటారు?"

నేను చేతిగడియారం విప్పి జేబులో వేసుకునేవాణ్ణి.